భిలాయి పెరట్లో గుమ్మడి: పదివేల ఏళ్ల ఎంపిక కథ



గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనే సామెత మీరందరూ వినే ఉంటారు. దొంగ భుజాలే ఎందుకు తడుముకోవాలని ఎప్పుడైనా ఆలోచించారా? కాయను భుజం మీద మోసుకుపోయాడు, కాయ మీది తెల్లని పొడి భుజానికి అంటింది. ఆ గుర్తు ఇంకా ఉందేమోనని అతని అనుమానం. అయితే మనం దప్పళంలో వేసుకునే ఎర్రని తీపి గుమ్మడిని ఒకసారి భుజాన పెట్టుకుని చూడండి. పొడి ఏమీ అంటదు. అంటే సామెతలోని కాయ తీపి గుమ్మడి కాదు, బూడిద గుమ్మడి. ఒకే పేరుతో మనం రెండు వేర్వేరు మొక్కలను పిలుస్తున్నాం. వాటిలో ఒకటి మన ఖండానిది, రెండోది సముద్రం దాటి వచ్చింది.

ఈ పాఠంలో మనం ఆ రెండో మొక్క చరిత్రను చదువుతాం. చదవడంతో ఆగకుండా పెరట్లో ఒక పెద్ద గుమ్మడికాయను పండించడం ఎలాగో కూడా నేర్చుకుందాం. పెద్ద కాయ పండించాలని మొదటిసారి ప్రయత్నించే వారిలో చాలామంది ఎరువు దగ్గర మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి విఫలమయ్యాను. చరిత్ర చెప్పేది వేరు. కాయ పెద్దదైంది ముఖ్యంగా ఎంపిక వల్ల. ఏ గింజను దాచాలి, ఏ పువ్వును కలపాలి, ఏ పిందెను ఉంచాలి అనే నిర్ణయాలు పదివేల ఏళ్లుగా సాగుతూ వచ్చాయి. ఆ వరుసలో చివరి నిర్ణయం మీది.

రెండు గుమ్మళ్లు

నేను ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయిలో పెరిగాను. అక్కడి పల్లెల్లో బూడిద గుమ్మడిని రఖియా అంటారు, తీపి గుమ్మడిని మఖ్నా అంటారు. రెండు కాయలకు రెండు పేర్లు ఉన్నాయి కాబట్టి తికమక లేదు. రఖియాను తురిమి, మినప్పిండిలో కలిపి, ఎండలో పెట్టి 'బడీ'లు చేస్తారు. మన గుమ్మడి వడియాలూ అవే. చలికాలంలో భిలాయి క్వార్టర్ల ముందు నులక మంచాల మీద ఎండే వడియాలను చూస్తే, అది తెలుగువారి ఇల్లో, ఛత్తీస్‌గఢీ వారి ఇల్లో చెప్పడం కష్టంగా ఉండేది.

బూడిద గుమ్మడి ఆసియా ఖండపు మొక్క. సంస్కృతంలో కూష్మాండం అన్నది దీన్నే. ఆయుర్వేదంలో కూష్మాండ లేహ్యం ఈ కాయతోనే చేస్తారు. తీపి గుమ్మడి 'కుకుర్బిటా' అనే ప్రజాతికి చెందింది. ఈ ప్రజాతి మొక్కలన్నీ అమెరికా ఖండాలవి. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటే వరకు ఆసియాలోగాని, ఐరోపాలోగాని, ఆఫ్రికాలోగాని ఒక్క తీపి గుమ్మడి తీగ కూడా లేదు. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, జామ ఇవన్నీ కూడా ఆ ఖండాల నుంచే వచ్చాయి. ఇలా రెండు ప్రపంచాల మధ్య మొక్కలు, జంతువులు, రోగాలు చేతులు మారడాన్ని చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ క్రాస్బీ 1972లో 'కొలంబియన్ వినిమయం' అని పేర్కొన్నాడు. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమైంది. ఆ తర్వాతి కాలంలో కొత్త పంటలు ఓడరేవుల నుంచి మన పెరళ్లలోకి నడిచి వచ్చాయి. కొత్త కాయ పాత కాయను పోలి ఉండడంతో పాత పేరే దానికీ అంటుకుంది.

చేదు కాయ తీపి కాయ ఎలా అయింది?

అడవి గుమ్మడి చిన్నది, చేదైనది. కుకుర్బిటాసిన్ అనే పదార్థం వల్ల ఆ చేదు వస్తుంది. చిన్న జంతువులు దాన్ని తినలేవు. ఏనుగు జాతికి దూరపు బంధువులైన మాస్టోడాన్లు మాత్రం తినేవి. ఫ్లోరిడాలో దొరికిన మాస్టోడాన్ పేడ అవశేషాల్లో అడవి గుమ్మడి గింజలు కనిపించాయి. ఆ పెద్ద జంతువులు కాయలు తిని, దూరంగా నడిచి, గింజలను పేడతో పాటు నేలకు చేర్చేవి. మంచుయుగం చివర అవి అంతరించాయి. గింజలను మోసే వారు లేక అడవి గుమ్మళ్లు తగ్గిపోయాయి. అప్పుడు వాటిని మనిషి చేరదీశాడు.

ఇది ఎప్పుడు జరిగిందో మనకు ఒక గుహ చెబుతుంది. మెక్సికోలోని ఓహాకా లోయలో గిలా నకిట్జ్ అనే చిన్న గుహ ఉంది. 1966లో పురావస్తు శాస్త్రజ్ఞుడు కెంట్ ఫ్లానరీ బృందం అక్కడ తవ్వకాలు జరిపింది. దొరికిన గుమ్మడి గింజల వయసును బ్రూస్ స్మిత్ 1997లో లెక్కగట్టి, అవి సుమారు పదివేల ఏళ్ల నాటివని ప్రకటించాడు. ఆ గింజలు అడవి గింజల కంటే పెద్దవి, తొడిమలు లావైనవి. అంటే పెద్ద గింజ ఉన్న కాయలను ఎవరో ఏరి, వాటినే మళ్లీ నాటుతూ వచ్చారు. మొదట్లో కండ కోసం కాదు, గింజలు తినడానికీ, ఎండిన డొల్లను పాత్రగా వాడుకోవడానికీ గుమ్మడిని పెంచి ఉంటారు. చేదు లేని కాయ ఎక్కడో కనిపించగానే దాని గింజలు దాచారు. వందల తరాల తర్వాత కండ తియ్యనైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెరట్లో కాసిన గుమ్మడి, సొర, దోస వంటివి ఏవైనా నాలుకకు గట్టి చేదు తగిలితే ఉమ్మేయండి. వండినా ఆ చేదు పోదు, తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. పాత అడవి లక్షణం అప్పుడప్పుడు తిరిగి తలెత్తుతుంటుంది.

నేడు మనం ముఖ్యంగా మూడు జాతులను పెంచుతున్నాం. కుకుర్బిటా పెపో ఉత్తర అమెరికాది. కుకుర్బిటా మాక్సిమా దక్షిణ అమెరికాది, ప్రపంచంలోని రాక్షస గుమ్మళ్లన్నీ ఈ జాతివే, దీనికి చల్లని వాతావరణం ఇష్టం. మూడోది కుకుర్బిటా మోస్కాటా. ఇది వేడిని తట్టుకుంటుంది కాబట్టి మన ఆంధ్రలో, తెలంగాణలో, ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే.

గింజ వచ్చింది, తేనెటీగ రాలేదు

మా పక్క క్వార్టర్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారు ఉండేవారు. ఆమె పెరటి గోడ మీద ప్రతి వానాకాలం గుమ్మడి తీగ పాకేది. మేం పిల్లలం పిందెలను లెక్కపెడుతూ వేలు చూపిస్తే, "పిందికి ఏలు సూపించకండర్రా, సచ్చిపోద్ది!" అని కేకలేసేవారు. పాలు తెచ్చే ఛత్తీస్‌గఢీ అవ్వ కూడా అదే మాట తన భాషలో అనేది. ఇద్దరి భాషలు వేరు, నమ్మకం ఒకటే.

ఈ నమ్మకం చాలా పాతది. తులసీదాసు 1574లో ప్రారంభించిన రామచరితమానస్‌లో దీని ప్రస్తావన ఉంది. పరశురాముడు బెదిరిస్తే లక్ష్మణుడు, చూపుడువేలు చూసి చచ్చిపోయే గుమ్మడి పిందెలం కాదు మేము అన్న అర్థంలో జవాబిస్తాడు. అంటే సుమారు 450 ఏళ్ల క్రితమే మన రైతులు ఒక విషయాన్ని గమనించారు. బాగా ఉన్నట్టు కనిపించిన పిందె రెండు మూడు రోజుల్లో పసుపు రంగుకు తిరిగి, ముడుచుకుని రాలిపోతుంది. ఈ గమనిక నిజమే. కారణమే తప్పు. వేలి పనిలేదు.

గుమ్మడిలో మగ పూలు, ఆడ పూలు వేర్వేరుగా పూస్తాయి. బూడిద గుమ్మడిలోనూ అంతే. మగ పువ్వుకు సన్నని పొడవాటి కాడ ఉంటుంది. ఆడ పువ్వు అడుగున చిన్న పిందె అప్పటికే ఉంటుంది, అదే అండాశయం. మనం పిందె అనుకుంటున్నది నిజానికి ఇంకా కాయగా మారడం మొదలుపెట్టనే లేదు. పుప్పొడి చేరితేనే అది కాయ అవుతుంది. చేరకపోతే రాలిపోతుంది. మొక్కల్లో కూడా మగ, ఆడ భేదం ఉందని ప్రయోగపూర్వకంగా చూపినవాడు జర్మనీకి చెందిన రుడాల్ఫ్ కమేరారియస్. 1694లో ఆయన తన ఫలితాలను ప్రచురించాడు. ఆముదం మొక్క నుంచి మగ పూలను తీసేసి, గింజలు కట్టకపోవడం గమనించాడు.

ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు పెట్టే అమ్మాయిలకు ఈ తేడా చేతులకు తెలుసు. పొడవాటి కాడ ఉన్న పువ్వునే తుంచుతారు, పిందె ఉన్నదాన్ని ముట్టుకోరు. మగ పూలు ఎలాగూ ఎక్కువగా పూస్తాయి కాబట్టి పంటకు నష్టం లేదు.

మరి పుప్పొడిని ఎవరు మోస్తారు? గుమ్మడి పుప్పొడి బరువైనది, జిగురుగా ఉంటుంది, గాలికి ఎగరదు. అమెరికా ఖండాల్లో పెపోనాపిస్ అనే ఒంటరి తేనెటీగలు ఉన్నాయి. అవి గుమ్మడి పూల మీదే ఆధారపడి, తెల్లవారుజామునే పని మొదలుపెడతాయి. పోర్చుగీసు ఓడల్లో గింజ వచ్చింది కాని ఆ తేనెటీగ రాలేదు. మన పుట్ట తేనెటీగలు, కొండ తేనెటీగలు, ఇతర కీటకాలు ఆ కొత్త పువ్వును తమదిగా చేసుకున్నాయి. మనం ఇన్ని వందల ఏళ్లుగా గుమ్మడి తింటున్నామంటే అందుకు కారణం ఈ చిన్న ప్రాణులు. పూత సమయంలో పురుగుమందు చల్లితే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. పిందెను చంపేది చూపుడువేలు కాదు, తేనెటీగ లేని ఉదయం.

తేనెటీగలు తక్కువగా ఉన్నచోట ఆ పని మన చేత్తో చేయవచ్చు. మర్నాడు విచ్చబోయే ఆడ మొగ్గ, మగ మొగ్గ కొన పసుపు రంగుకు తిరుగుతాయి. సాయంత్రం వాటిని దారంతో మెల్లగా కట్టండి. తెల్లవారగానే మగ పువ్వును కోసి, రేకులు తీసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడ పువ్వు కీలాగ్రానికి రాయండి. తర్వాత ఆడ పువ్వును మళ్లీ కట్టేయండి. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలలోపే ఈ పని ముగించాలి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది.

ఉక్కు కొలిమి నుంచి పెరటి పాదు వరకు

ఇప్పుడు భిలాయి సంగతికి వద్దాం. భారత ప్రభుత్వం, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు తయారుచేసే కర్మాగారం కట్టాలన్నది లక్ష్యం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక భిలాయి ఆ రాష్ట్రంలో చేరింది. దేశం నలుమూలల నుంచి పనివారు అక్కడికి వచ్చారు. తెలుగువారు పెద్ద సంఖ్యలో వచ్చారు. సెక్టార్లుగా కట్టిన టౌన్‌షిప్‌లో చాలా క్వార్టర్లకు వెనక కాస్త పెరడు ఉండేది. మలయాళీల పెరట్లో అరటి, బెంగాలీల పెరట్లో పొట్ల, మనవాళ్ల పెరట్లో గోంగూర, గుమ్మడి. సెలవులకు ఊరెళ్లి వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో ఆవకాయతో పాటు కాగితం పొట్లాల్లో గింజలు కూడా వచ్చేవి.

ఉక్కు పరిశ్రమకూ పెరటి తోటకూ మధ్య ఒక రసాయన బంధం ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్‌కు కోక్ కావాలి. బొగ్గును గాలి తగలకుండా సుమారు 1,000 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడిచేస్తే కోక్ మిగులుతుంది, వాయువులు బయటికి వస్తాయి. బొగ్గు అంటే కోట్ల ఏళ్ల నాటి మొక్కలే కదా. ఆ మొక్కల నత్రజనిలో కొంత భాగం అమ్మోనియాగా మారి ఈ వాయువుల్లో ఉంటుంది. దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపితే ఉప్పులా తెల్లని అమ్మోనియం సల్ఫేటు స్ఫటికాలు వస్తాయి. దీనిలో సుమారు 21 శాతం నత్రజని ఉంటుంది. 1913లో జర్మనీలోని ఒప్పావులో గాలి నుంచి నేరుగా అమ్మోనియా తయారుచేసే హేబర్-బాష్ పద్ధతి కర్మాగారం మొదలయ్యే వరకు, ఇలా బొగ్గు నుంచి వచ్చే ఎరువు ప్రపంచ వ్యవసాయానికి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. భిలాయిలో మా నాన్నగారు కోక్ ఓవెన్లలో పనిచేసేవారు. ఉక్కు ఊరివాళ్లం మాకు నత్రజని కొత్త కాదు అన్న ధీమా నాకు చిన్నప్పటి నుంచే ఉండేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మామ్మగారి దగ్గర నాలుగు గింజలు అడిగి తెచ్చుకుని పాదు పెట్టాను. ఆమె కాయ కంటే పెద్ద కాయ పండించాలని పంతం. బజారులో కొన్న అమ్మోనియం సల్ఫేటును వారం వారం పిడికిళ్లతో వేశాను. తీగ అద్భుతంగా పెరిగింది. ఆకులు చేటలంత అయ్యాయి. పక్కింటి గోడ దాటి, జామచెట్టు ఎక్కింది. పూసినవన్నీ మగ పూలే. ఎప్పుడో పూసిన రెండు ఆడ పూలు రాలిపోయాయి. మామ్మగారు ఒక రోజు వచ్చి చూసి, "ఆకులు కూరొండుకుంటావా యేటి?" అని నవ్వి వెళ్లిపోయారు.

కారణం నాకు కాలేజీలో వృక్షశాస్త్రం చదివాక అర్థమైంది. నత్రజని అతిగా అందిన తీగ ఆకులు, కాడలు పెంచుకుంటూ పోతుంది, కాయ కాసే పనిని వాయిదా వేస్తుంది. ఎక్కువ నత్రజని, ఎక్కువ వేడి రెండూ మగ పూలను పెంచి, ఆడ పూలను తగ్గిస్తాయి. పైగా అమ్మోనియం సల్ఫేటు నేలలో ఆమ్లగుణాన్ని పెంచుతుంది. ఎరువు చెడ్డదని కాదు, నేను దాని భాష వినలేదు.

నేల సంగతి కూడా తెలుసుకోవాలి. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. ఎత్తున ఉండే ఎర్రని గరుసు నేల భాటా. ఇసుక కలిసిన పసుపు నేల మటాసీ. దానికంటే కాస్త బరువైనది డోర్సా. పల్లంలో ఉండే నల్లరేగడి కన్హార్. భాటాలో నీరు నిలవదు, గుమ్మడి త్వరగా వాడుతుంది. కన్హార్‌లో వానాకాలం నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. మొదటిదానికి పశువుల ఎరువు బాగా కలపాలి, రెండోదానికి పాదును మిట్టగా కట్టాలి. మీ ఊరి నేలకు మీ తాతగారు ఏ పేరు చెబుతారో అడగండి. ఆ పేరులోనే సగం సలహా ఉంటుంది.

బరువు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక ప్రపంచ రికార్డుల వైపు చూద్దాం. కెనడాలోని గోడరిచ్ ఊరి రైతు విలియం వార్నాక్ 1900లో పారిస్ ప్రదర్శనకు 400 పౌండ్ల, అంటే సుమారు 181 కిలోల గుమ్మడికాయను పంపాడు. 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనలో 403 పౌండ్ల కాయతో తన రికార్డును తానే దాటాడు. ఆ రికార్డు 1976 వరకు నిలిచింది. డెబ్బై ఏళ్లకు పైగా! ఈ కాలంలోనే రసాయన ఎరువుల వాడకం ప్రపంచమంతటా ఎన్నో రెట్లు పెరిగిందని గుర్తుంచుకోండి. ఎరువే బరువును తెచ్చేదైతే ఆ రికార్డు ఎప్పుడో చెదిరిపోవాలి.

మార్పు తెచ్చింది గింజ. కెనడాలోనే నోవా స్కోషియా ప్రాంతపు రైతు హోవర్డ్ డిల్ పెద్ద కాయల జాతులను కలుపుతూ, ప్రతి ఏటా మంచి కాయ గింజలనే దాస్తూ పోయాడు. ఆయన కాయలు 1979 నుంచి 1982 వరకు వరుసగా నాలుగేళ్లు ప్రపంచ పోటీల్లో గెలిచాయి. 1981 నాటి కాయ 493.5 పౌండ్లు, సుమారు 224 కిలోలు. ఆయన రూపొందించిన 'అట్లాంటిక్ జెయింట్' రకం గింజలు ప్రపంచమంతా పాకాయి. ఆ తర్వాత చూడండి: 1996లో 1,000 పౌండ్లు దాటింది. 2012లో అమెరికాకు చెందిన రాన్ వాలెస్ 2,009 పౌండ్లు, అంటే 911 కిలోల కాయ తూచాడు. 2023లో ట్రావిస్ గింగర్ కాయ 1,247 కిలోలు తూగింది. వార్నాక్ కాయకు దాదాపు ఏడు రెట్లు.

ఈ పెరుగుదలకు శరీర నిర్మాణంలో కారణం ఏమిటని అమెరికా శాస్త్రజ్ఞులు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ వేగం పెరగలేదు. ఒక్కో ఆకు పాత ఆకులాగే పనిచేస్తోంది. మారింది రవాణా మార్గం. ఆకులు చేసిన చక్కెరను మోసే పోషక కణజాలం, అంటే ఫ్లోయం, రాక్షస రకాల్లో ఎక్కువగా ఉంది. పెద్ద కాయను ఎంచుకుంటూ పోయిన రైతులు తమకు తెలియకుండానే తొడిమలోని కంటికి కనిపించని దారులను వెడల్పు చేశారు.

అయితే దీనికి ఒక మూల్యం ఉంది. బరువు కోసం మాత్రమే ఎంచుకున్న ఆ కాయల్లో తీపి లేదు, రుచి లేదు. దేన్ని ఎంచుకుంటామో అదే వస్తుంది, ఎంచుకోనిది జారిపోతుంది. వంకాయ నుంచి వరి దాకా ప్రతి పంటకూ వర్తించే సూత్రం ఇది.

మీ పెరట్లో చేసి చూడండి

ఇప్పుడు పని మొదలుపెడదాం. టన్ను కాయ మన లక్ష్యం కాదు. అట్లాంటిక్ జెయింట్‌కు మన ఎండలు పడవు. మోస్కాటా జాతిలో పెద్ద కాయ కాసే నాటు రకం మీ ఊళ్లో దొరికితే అదే మంచిది. లేకపోతే తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి సి.ఓ.-1 రకం ఉంది. దాని కాయ సగటున 7, 8 కిలోలు ఉంటుంది. మొదటిసారి పండించేవారు పది కిలోల కాయ దించితే గర్వపడవచ్చు.

వానలు మొదలయ్యే జూన్, జులై నెలల్లో గాని, చలి తగ్గే జనవరి, ఫిబ్రవరి నెలల్లో గాని గింజ నాటండి. రోజులో ఆరు గంటలకు తగ్గకుండా ఎండ తగలాలి. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీసి, తవ్విన మట్టిలో సగానికి సగం బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. రెండు మూడు గింజలు అంగుళం లోతున పెట్టి, మొలిచాక బలమైన ఒక్క మొక్కను ఉంచండి. ఇది మీ మొదటి ఎంపిక.

తీగను నేల మీద పాకనివ్వండి. కణుపుల మీద అక్కడక్కడ మట్టి కప్పితే అక్కడ కూడా వేళ్లు పుడతాయి, తీగకు కొత్త నోళ్లు వస్తాయి. మొదట్లో వచ్చే ఆడ పువ్వులను తుంచేయండి. తీగ పది పన్నెండు అడుగులు సాగి, ఆకులు నిండుగా ఉన్నప్పుడు వచ్చిన ఆడ పువ్వుకు చేత్తో పుప్పొడి పట్టించండి. రెండు మూడు పిందెలు నిలిచాక, వారం పది రోజులు ఆగి, బాగా ఊరుతున్నదాన్ని ఉంచి మిగతావి కోసేయండి. మొదటిసారి చేసేవారికి అన్నిటికంటే కష్టమైన పని ఇదే. నిలిచిన పిందెను తుంచడానికి చేయి రాదు. కాని ఒక తీగ ఆకులు చేసే చక్కెర ఒక పరిమితికి లోబడి ఉంటుంది. దాన్ని ఆరు కాయలు పంచుకుంటే ఆరూ చిన్నవే. కోసిన లేత పిందెలు కూరకు బాగుంటాయి.

నత్రజని ఎరువు పూతకు ముందు మాత్రమే, కొద్దిగా వేయండి. కాయ నిలిచాక పొటాష్ ఉండే కట్టెల బూడిద కొంచెం మేలు చేస్తుంది. నీరు ఉదయం పూట, మొదట్లోనే పోయండి. ఒక రోజు వరద, నాలుగు రోజులు కరువు పెడితే కాయ పగులుతుంది. మొదలు చుట్టూ ఎండుగడ్డి పరవండి. కాయ కింద గడ్డి గాని పెంకు గాని పెట్టండి. మండే ఎండలో కాయ మీద పాత గుడ్డ కప్పండి. ఎర్రని పెంకు పురుగులను తెల్లవారుజామున, అవి మందకొడిగా ఉన్నప్పుడు చేత్తో ఏరేయండి. పండు ఈగ గుడ్లు పెట్టకుండా లేత కాయకు కాగితం సంచి తొడగండి. ఆకుల మీద తెల్లని బూడిద తెగులు కనిపిస్తే ఆ ఆకులను తీసి దూరంగా పారేయండి.

తొడిమ ఎండి, చిలక ముక్కులా గట్టిపడి, తోలు మీద గోరు దిగకపోతే కాయ పండినట్టు. కాసింత తొడిమతో సహా కోయండి.

వీలైతే రెండు తీగలు పెట్టండి. ఒకదానికి ఒకే కాయ ఉంచండి, రెండోదాన్ని దాని ఇష్టానికి వదిలేయండి. చివర రెండు తీగల కాయలనూ తూచి, ఒక్కో కాయ బరువునూ, మొత్తం బరువునూ విడివిడిగా రాయండి. పెద్ద కాయ, ఎక్కువ పంట ఒకటేనా, కాదా అన్నది మీ తక్కెడ చెబుతుంది. అంచనాలు వద్దు, తూచిన అంకెలే రాయండి.

గింజ దాచడం

చివరిగా ఒక విషయం. భిలాయి నిర్మాణంలో తోడ్పడిన సోవియట్ దేశంలోనే నికొలాయ్ వావిలోవ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. పంట మొక్కలు ఏయే ప్రాంతాల్లో పుట్టాయో 1926లో సిద్ధాంతీకరించి, ఎన్నో దేశాల నుంచి విత్తనాలు సేకరింపజేశాడు. ఆయన బృందం సభ్యులు మెక్సికో వెళ్లి గుమ్మడి రకాలు కూడా తెచ్చారు. ఆ తర్వాత ఆయన రాజకీయ వేధింపులకు గురై 1943 జనవరిలో సరటోవ్ జైలులో మరణించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఉన్నప్పుడు ఆయన సంస్థలోని శాస్త్రజ్ఞుల్లో కొందరు ఆకలితో చనిపోయారు, కాని చుట్టూ ఉన్న విత్తనాల నిల్వను తినలేదు.

మేం అంత నిగ్రహం చూపలేదు. మామ్మగారి భర్త పదవీ విరమణ చేశాక వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఒక పెద్ద కాయ మాకిచ్చారు. సంక్రాంతికి దప్పళం పెట్టుకున్నాం. గింజలు ఉప్పు వేసి వేయించుకుని తిన్నాం. మరుసటి జూన్‌లో పాదు తవ్వినప్పుడు గాని నాకు గుర్తు రాలేదు, ఆ రకం గింజ మా దగ్గర ఒక్కటీ లేదని. బజారులో గింజలు దొరికాయి. ఆ తీపి మాత్రం మళ్లీ దొరకలేదు. శ్రీకాకుళంలో ఏ పెరట్లోనో ఎన్ని తరాల మామ్మలు రుచి చూసి ఏరిన గింజ అది. భిలాయిలో నా చేతుల మీదుగా ఆగిపోయింది.

మీరు ఆ పొరపాటు చేయకండి. చేత్తో పుప్పొడి పట్టించి కట్టిన కాయ నుంచి, రుచి చూశాక, నిండైన గింజలను తీయండి. కడిగి, నీడలో ఎండబెట్టి, బూడిద కలిపి, మూత గట్టి సీసాలో పెట్టండి. సీసా మీద రకం పేరు, కాయ బరువు, తేదీ, గింజ ఇచ్చినవారి పేరు రాయండి. సగం గింజలు పక్కింటివారికి ఇవ్వండి. మీ పాదు పోయినా వారి పాదులో ఆ రకం బతుకుతుంది.

గిలా నకిట్జ్ గుహలో మొదటి పెద్ద గింజను ఏరి పక్కన పెట్టిన మనిషి పేరు మనకు తెలియదు. ఆ మనిషి దాన్ని ఆ రోజే తినేసి ఉంటే ఈ పాఠమే లేదు.